బ్లాంటైర్ వార్డు తేల్చిన నిజం

మెదడు పొరల వాపుకు (మెనింజైటిస్‌కు) యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే మరణాలు 15 శాతం నుంచి 7 శాతానికి తగ్గుతాయని 2002లో డచ్చి వైద్యులు డి గాన్స్, వాన్ డి బీక్ చూపించారు. ఐరోపా ఆస్పత్రుల్లో 301 మంది వయోజనులపై జరిగిన పరీక్ష అది. సంపన్న దేశాలు ఆ మందును త్వరగానే స్వీకరించాయి.

అదే ఏడాది మలావీలో, బ్లాంటైర్ నగరపు క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆస్పత్రిలో, ఆ మందుకే మరో పరీక్ష మొదలైంది. అక్కడి రోగులు వేరు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నవారిలో 90 శాతం మందికి ఆ వైరస్ ఉన్నట్టు తేలింది. హెచ్‌ఐవీ ఉన్నవారికి మెనింజైటిస్ అనగానే వైద్యులకు క్రిప్టోకాకస్ శిలీంధ్రమో, క్షయో గుర్తుకొస్తాయి. బ్లాంటైర్‌లో మాత్రం న్యుమోకాకస్ బ్యాక్టీరియా వారిని విరివిగా కబళించేది. ఆరోగ్యవంతుల ముక్కు, గొంతుల్లో హాని చేయకుండా ఉండిపోయే క్రిమి అది. రోగనిరోధక శక్తి సడలితే రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు పొరల్లోకి చేరుతుంది.

2007లో వెలువడిన ఫలితం నిరాశపరిచింది. 465 మందిలో స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 56 శాతం, తీసుకోనివారిలో 53 శాతం నలభై రోజుల్లోనే మరణించారు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను నరానికి ఎక్కించినా, కండకు ఇచ్చినా ఫలితం ఒకటేనని కూడా ఇదే పరీక్ష తేల్చింది. సెలైన్ పెట్టే వసతి లేని పల్లె ఆస్పత్రికి ఇది చిన్న విషయం కాదు.

తర్వాత మెదడు వాపు తగ్గించేందుకు గ్లిసరాల్‌ను ప్రయత్నించారు. అది మేలు చేయకపోగా హాని చేసింది: మరణాలు 49 శాతం ఉండాల్సిన చోట 63కు పెరిగాయి. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పిల్లల్లో ఆశలు రేపిన ఈ మందును పెద్దలకు అలాగే వాడేసి ఉంటే ఆ నష్టం ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు. ఈ రెండు పరీక్షల అసలు విలువ ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మార్గం నివారణలో కనిపించింది. అంతకుముందు ఉగాండాలో 23 రకాల న్యుమోకాకస్‌పై పనిచేసే పాత టీకా హెచ్‌ఐవీ ఉన్న పెద్దలను కాపాడలేకపోయింది. బ్లాంటైర్‌లో పరీక్షించిన కొత్త తరహా టీకా మాత్రం, తాను గురిపెట్టిన న్యుమోకాకస్ రకాలను 74 శాతం మేర అడ్డుకుందని 2010లో ఫ్రెంచ్ అనే పరిశోధకుడి బృందం ప్రకటించింది. అదే కోవకు చెందిన 13 రకాలపై పనిచేసే టీకాను మలావీ 2011 నవంబరులో జాతీయ కార్యక్రమంలో చేర్చింది, పసిపిల్లలకు మాత్రమే.