అక్షరం వెనుక శ్రమ

మన సాహిత్య చరిత్రలు కవిని గురించి చెబుతాయి, కృతిభర్తను గురించి చెబుతాయి. తాటాకు మీద గంటం నడిపిన రాయసగాణ్ణి గురించీ, అచ్చు అక్షరం పోతపోసిన కార్మికుణ్ణి గురించీ చెప్పవు. కంప్యూటరు యుగంలోనూ ఈ అలవాటు పోలేదు. తెలుగు అక్షరాన్ని తెరమీద నిలబెట్టిన పనిలో పెద్ద భాగం కొద్దిమంది వ్యక్తులు ఎవరి పురమాయింపూ లేకుండా, కూలి ఆశించకుండా చేశారు. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయని రైతు విషయంలో, కార్మికుడి విషయంలో అడిగే మనం, రచయిత విషయంలో ఎందుకు అడగడం లేదు?

1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా ఆ తరువాత చాలా ఏళ్లు మన అచ్చు వ్యవహారం వ్యాపార సంస్థల సొంత ఫాంట్లలోనే నడిచింది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల్లోనే అవి తలకట్టునూ గుడినీ వొత్తునూ ముక్కలుగా ఇమిడ్చాయి. ఎవరి లెక్క వారిదే. ఒకరి ఫాంటులో కూర్చిన వ్యాసాన్ని ఇంకొకరి ఫాంటులో తెరిస్తే అర్థంలేని గీతలు కనిపించేవి. మా ఉద్దానం కథకుల పాత రచనలు పోగుచేస్తున్నప్పుడు ఈ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. డిస్కు ఉంది, కథ అందులోనే ఉంది, చదివే దారి లేదు. రచన రచయితదే గాని, దాని తాళంచెవి మరొకరిది.

ఈ స్థితిని ఎదుర్కొన్నవాళ్ల పనిని వరుసగా చూడాలి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లను తయారుచేసి అందరికీ ఇచ్చారు. వెన్న నాగార్జున 'పద్మ' రాశారు. ఏ సంస్థ ఫాంటులో ఏ సంఖ్యకు ఏ అక్షరమో పట్టికలు కట్టి, పాత రాతను యూనికోడ్‌లోకి మార్చే సాధనం అది. పద్మ మూలరచన అందరికీ తెరిచి ఉన్నందువల్లనే వీవెన్ దాని ఆధారంగా 'లేఖిని' నిర్మించగలిగారు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' బృందం నిర్వాహక వ్యవస్థనే తెలుగులోకి తెచ్చింది.

దీనికి సిద్ధాంతబలం బయటినుంచి వచ్చింది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమం ప్రకటించారు. 1989లో వచ్చిన గ్నూ లైసెన్సు, వాడుకోవడానికీ, చదివి మార్చుకోవడానికీ, పంచిపెట్టడానికీ హక్కునిచ్చింది. అలా పంచినవాడు తీసుకున్నవాడికి అవే హక్కులు ఇచ్చి తీరాలన్నది షరతు. యజమానుల కోసం పుట్టిన కాపీహక్కు చట్టాన్నే ఉమ్మడి ఆస్తికి కాపలాగా నిలపడం ఇందులోని విశేషం.

మా ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. మా సరిహద్దు అవతలి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి, బజారులో ఏ విలువా లేని సవర భాషను నేర్చుకుని, ఆ పిల్లలకు వాచకాలు రాశారు, బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఒక జాతి నోటిమాటను ఆ జాతికే రాత రూపంలో అప్పగించడం ఆయన చేసిన పని. 2013లో గుత్తుల పురుషోత్తకుమార్ రూపొందించిన ఒక ఉచిత ఫాంటుకు గిడుగు పేరు పెట్టడం ఉచితంగానే ఉంది.

అయితే పొగడ్తతో ఆగిపోతే అది విమర్శ అనిపించుకోదు. ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది విదేశాల్లోనో నగరాల్లోనో చదువూ జీతమూ ఉన్న మధ్యతరగతివాళ్లు. పగలు ఉద్యోగం చేసి, మిగిలిన రాత్రిని భాషకు ఇవ్వగలిగారు. జీడి కార్ఖానాలో రోజంతా గింజలు ఒలిచే తల్లి కొడుక్కి, ఎంత తెలివి ఉన్నా, ఆ మిగులు కాలం ఎక్కడిది? త్యాగం మీద నిలిచే సంస్కృతిలో త్యాగం చేసే తాహతు ఉన్నవాళ్లకే చోటుంటుంది.

పైగా ఆ పని ఒకసారి చేసి వదిలేసేది కాదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిలో రాసిన జోడింపులను నిలిపివేసింది. ఇటువంటి మార్పు వచ్చినప్పుడల్లా ఒంటరి కార్యకర్త మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. లాభం పొందేవాళ్లు మాత్రం వేరు. 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో పెద్ద లోపం బయటపడినప్పుడు, ప్రపంచ వ్యాపారమంతా ఆధారపడిన ఆ సాఫ్ట్‌వేరుకు ఏటా వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని తేలింది. 2024లో ఎక్స్‌జెడ్ అనే సాధనంలో, అలసిపోయిన ఒక్క నిర్వాహకుడికి సాయపడే నెపంతో చేరినవాడే దొంగదారి పెట్టాడు. ఉమ్మడి బావిలో అందరూ తోడుకుంటారు, పూడిక తీసేది ఒక్కడే.

కాబట్టి ఈ శ్రమను దానంగా లెక్కగట్టడం మానాలి. చెరువుకూ బడికీ ప్రజాధనం ఎలా అవసరమో, ఉమ్మడి అక్షర సాధనాలకూ అలాగే అవసరం. ప్రభుత్వ ధనంతో తయారైన ప్రతి తెలుగు సాధనం మూలరచనతో సహా ప్రజలదై ఉండాలని రచయితల సంఘాలు అడగాలి. మంగేయి గొమాంగో 1936లో సవరకు సృష్టించిన లిపి యూనికోడ్‌లో చేరేసరికి 2012 అయింది. లాభం లేనిచోటికి బజారు రాదనడానికి ఆ డెబ్బైఆరేళ్లే సాక్ష్యం. తెలుగుకు ఇంకా కొనేవాళ్లున్నారు. కొండమీద సవర పిల్లవాడి అక్షరానికి ఉమ్మడి శ్రమ తప్ప మరో దిక్కు లేదు.