గంట నుండి కన్ను వరకు: ద్వారరక్షణ కథ

క్రొత్త ఇంటికి మారినవారు సామానులు సర్దుకొనక మునుపే తాళములు సరిచూచుకొందురు. పాత తాళపుచెవి ఇంకెవరియొద్దనైన మిగిలియుండునేమో యను శంక సహజము. వచ్చినవారెవరో తలుపు తీయకముందే తెలిసికొనవలెనను కోరికయు తాళమంత పాతదే. ఒకప్పుడు గొళ్ళెపు చప్పుడు, "ఎవరది?" అను ప్రశ్న ఈ పనిని నెరవేర్చెడివి. నేడు గుమ్మము ప్రక్కన అమర్చిన చిన్న పెట్టె ఒకటి గంట మ్రోగించుటయేకాక, వచ్చినవారి రూపమును, మాటను ఇంటివారి చేతిలోని ఫోనునకు చేర్చుచున్నది. ఈ పెట్టె వెనుక దాదాపు రెండువందల ఏండ్ల చరిత్ర కలదు.

విద్యుత్తు గంట

ఇనుప కడ్డీకి తీగ చుట్టి విద్యుత్తును ప్రవహింపజేసినచో అది అయస్కాంతమగును. ప్రవాహము ఆగినచో ఆ గుణము పోవును. అమెరికాలోని ఆల్బనీ నగరమున ఉపాధ్యాయుడుగా నుండిన జోసెఫ్ హెన్రీ 1831లో ఈ సూత్రముతో ఒక ప్రయోగము చేసెను. మైలుకు పైగా పొడవుగల తీగను గది చుట్టును త్రిప్పి, ఒక కొనయందు విద్యుత్తును ప్రవేశపెట్టి, రెండవ కొనయందు గంట మ్రోగించెను. చేయి తాకకుండ దూరముననున్న గంట మ్రోగుట ఆనాటివారికి వింత.

తరువాత వచ్చిన ఇంటి గంటలో మరియొక చమత్కారము చేరెను. మీట నొక్కగానే విద్యుదయస్కాంతము చిన్న సుత్తిని లాగును. సుత్తి గంటను కొట్టును. కాని సుత్తి కదలుటతోనే విద్యుద్వలయము తెగును. అయస్కాంతశక్తి పోగా స్ప్రింగు సుత్తిని వెనుకకు తెచ్చును. వలయము మరల కలియును. మీటపై వ్రేలున్నంతసేపు ఈ క్రియ సాగుచుండుటచేతనే గంట గణగణ మ్రోగును.

ఇదే సూత్రము కాపలాకును పనికివచ్చెను. మసాచుసెట్స్‌కు చెందిన ఆగస్టస్ పోప్, తలుపుగాని కిటికీగాని తెరువగానే వలయము పూర్తియై గంట మ్రోగునట్టి ఏర్పాటునకు 1853లో పేటెంటు పొందెను. ఆ హక్కులను 1857లో ఎడ్విన్ హోమ్స్ కొని, బోస్టను, న్యూయార్కు నగరములలో దానిని వ్యాపారముగా పెంచెను. అయినను గంటకు ఒక లోపముండెను. ఎవరో వచ్చిరని అది చెప్పగలదు. ఎవరు వచ్చిరో చెప్పజాలదు.

తీగగుండా చూపు

ఆ లోపమును తీర్చిన సాధనము ఇంటి కొరకు పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, జర్మనీలోని పీనెముండెయందు వి-2 రాకెట్ల ప్రయోగమును దగ్గర నిలిచి చూచుట ప్రమాదకరమయ్యెను. అందుచే వాల్టర్ బ్రుక్ అను ఇంజనీరు రాకెట్టు సమీపమున కెమెరాలుంచి, ఆ దృశ్యము తీగలద్వారా సురక్షితమైన చోటనున్న తెరలపై కనబడునట్లు చేసెను. అందరికిని ప్రసారము కాక కొలదిమందికే చేరుటచే దీనికి "క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్" అను పేరు వచ్చెను.

ఒక నర్సు ఆలోచన

దానిని ఇంటి గుమ్మమునకు తెచ్చిన ఘనత మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్‌ది. ఈమె న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతమున నివసించిన నల్లజాతి నర్సు. ఆమెయు, ఎలక్ట్రానిక్స్ పనివాడైన భర్త ఆల్బర్టును వేళాపాళాలేని ఉద్యోగములు చేయుచుండిరి. అప్పుడప్పుడు ఆమె ఇంట ఒంటరిగా నుండవలసివచ్చెడిది. పరిసరములలో నేరములు ఎక్కువ. పిలిచినను పోలీసులు ఆలస్యముగా వచ్చెడివారు. అర్ధరాత్రి తలుపు తట్టినవారెవరో తెలిసికొనుటకై తలుపు దగ్గరకే పోవలసియుండుట ఆమెను బాధించిన సమస్య.

దంపతులిరువురును కలిసి 1966 ఆగస్టు 1న పేటెంటునకు దరఖాస్తు చేసిరి. తలుపునకు ఒకదానిక్రింద నొకటిగా నాలుగు రంధ్రములు. పై రంధ్రము పొడగరులకు, క్రిందిది పిల్లలకు. లోపల కెమెరా పైకి క్రిందికి జరుగుచు రంధ్రములగుండా చూచును. ఆ దృశ్యము పడకగదిలోని తెరపై కనబడును. మైక్రోఫోనుద్వారా వచ్చినవారితో మాటలాడవచ్చును. తెలిసినవారైనచో దూరమునుండియే గడియ తీయవచ్చును; అనుమానమున్నచో మీట నొక్కి సహాయము కోరవచ్చును. 1969 డిసెంబరు 2న 3482037 సంఖ్యగల పేటెంటు వారికి లభించెను. చూపు, మాట, గడియ, హెచ్చరిక అను నేటి ద్వారయంత్రపు అంగములన్నియు అందు గలవు. కాని ఆనాటి కెమెరాలు పెద్దవి, ఖరీదైనవి. అందుచే సామాన్యుల ఇండ్లకు అది వెంటనే చేరలేదు.

చిన్నదైన కన్ను

విచిత్రమేమనగా, కెమెరాను చిన్నది చేయు మార్గమును ఆ 1969లోనే దొరికెను. బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు కాంతిని విద్యుదావేశముగా మార్చి దాచగల సి.సి.డి. అను సిలికాను పలకను రూపొందించిరి. ఇందుకు 2009లో వారికి నోబెల్ బహుమానము లభించెను. 1990వ దశకమున ఎరిక్ ఫోసమ్, ఆయన సహచరులు అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో సి.మాస్ పలకను అభివృద్ధిచేసిరి. కాంతిని గ్రహించు భాగమును, దానిని నడుపు వలయములును ఒకే పలకపై నిముడుటచే ఖర్చు తగ్గెను. విద్యుత్తు వాడకము తగ్గెను. ఫోను కెమెరాలకు ఇదియే మూలము.

1996లో స్వీడనుకు చెందిన యాక్సిస్ సంస్థ నేరుగా కంప్యూటరు జాలమునకు కలుపదగిన కెమెరాను విడుదల చేసెను. 2013లో జేమీ సిమినాఫ్ అను అమెరికను "డోర్‌బాట్" అను ద్వారఘంటను అమ్మజూపెను. మరుసటి ఏడు అది "రింగ్" అయ్యెను. 2018లో ఆ సంస్థను అమెజాన్ కొనెను. ఇట్టి గంటలలో కొన్ని పాత గంట తీగలనుండియే విద్యుత్తును గ్రహించును. కొన్ని బ్యాటరీతో నడచును. మనిషి దేహపు వేడినుండి వెలువడు పరారుణ కిరణములను పసిగట్టి మేల్కొనునవి పెక్కు. చీకటిలో తామే పరారుణ కాంతిని ప్రసరించి చూడగలవు.

కావలివానికి కావలి

కావలి కన్ను పరులచేత చిక్కినచో కీడే. 2016లో "మిరాయ్" అను దుష్ట ప్రోగ్రాము, కర్మాగారమున పెట్టిన సంకేతపదములను యజమానులు మార్చకుండ విడిచిన కెమెరాలను వేలకొలది వశపరచుకొనెను. ఆ అక్టోబరున వాటిద్వారా జరిగిన దాడివలన పేరెన్నికగన్న వెబ్‌సైట్లు పెక్కు కొన్ని గంటలపాటు అందకపోయెను. 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు న్యాయస్థానము, ఒక ఇంటి ద్వారఘంట మొదలగు సాధనములు పొరుగువారి మాటలను దూరమునుండి గ్రహించుట చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. మన సుప్రీంకోర్టును 2017 ఆగస్టు 24న వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించెను.

కాబట్టి ఇల్లు మారినవారు గోడకున్న పాత కెమెరాను చూచి, ఊరక వచ్చినదని సంతోషించి విడువరాదు. పూర్వపు నివాసి ఖాతా తొలగింపబడనిచో, అతని ఫోనులో ఈ గుమ్మము ఇంకను కనబడుచుండవచ్చును. యంత్రమును మొదటి స్థితికి తెచ్చి, క్రొత్త సంకేతపదము పెట్టి, దాని చూపు తమ గడపను దాటి ఎదురింటి కిటికీలోనికి పోకుండ త్రిప్పవలెను. తాళము మార్చినంత శ్రద్ధగా ఈ పనియు చేయవలెను. నర్సు బ్రౌన్ కోరినది తన గుమ్మమున ఎవరున్నారో తాను చూడవలెననియే. ఆ చూపు ఎవరి అధీనమున నున్నదో యెరిగి యుండుట ఇంటివారి బాధ్యత.