356 మైళ్ల రోల్స్ రాయిస్, 60 కార్ల వారసుడు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు ఆ పసుప్పచ్చ రోల్స్ రాయిస్‌ని చూసే ఉంటారు. వెనక సీటు తఖ్త్‌లా ఎత్తుగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ షౌక్‌గా ఆర్డరిచ్చిన బండి అది. బండి చేతికి రాకముందే, 1911 ఆగస్టు 29న ఆయన ఇంతెఖాల్ అయ్యారు. అలా అది కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలోకి వచ్చింది. ఇన్నేళ్లలో దాని మీటరు మీద తిరిగింది మొత్తం 356 మైళ్లని చెబుతారు. మన లెక్కలో దాదాపు 570 కిలోమీటర్లు. మా రొంపిచెర్ల నుంచి హైదరాబాద్‌కి పోయొచ్చి, ఇంకోసారి గుంటూరు దాకా పోతే ఇంచుమించు సరిపోయే దూరం. ఒక నవాబు తరం, ఇంకో నవాబు తరం, అంతా కలిపి అంతే.

ఇప్పుడు అదే మోడల్ గురించి ఇంకో ఖిస్సా వినండి. సిల్వర్ ఘోస్ట్ అనే పేరు రావడానికి కారణమైన బండి 1907లో ఒక ఇమ్తెహాన్ రాసింది. ఇంగ్లండ్‌లో అప్పటికి మోటారు కారంటే ఎవరికీ భరోసా లేదు. ఎక్కడ ఆగిపోతుందో, ఎన్ని గంటలు రోడ్డు పక్కన కూర్చోవాలో తెలియని సరుకు. గుర్రానికి ఉన్న ఏత్‌బార్ దానికి లేదు. కంపెనీలో పెత్తనం చేసే క్లాడ్ జాన్సన్ ఆలోచించి, లండన్‌కీ గ్లాస్గోకీ మధ్య 27 సార్లు తిప్పించాడు. పక్కన రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ల మనిషి నిఘా. మొదట్లోనే, 629 మైళ్ల దగ్గర, గతుకుల కుదుపుకి పెట్రోల్ కుళాయి దానంతటదే మూసుకుపోయి బండి ఒకసారి ఆగింది. దాన్ని తెరిచాక మళ్లీ 14,371 మైళ్లు ఇంజన్ తనంతట తాను ఆగనే లేదు. తర్వాత క్లబ్బు వాళ్లు విప్పి చూశారు. మళ్లీ కొత్తదానిలా చేయడానికి కావాల్సిన సామాన్ల ఖర్చు రెండు పౌండ్ల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలు.

ఒకే మోడల్. ఒకటి పదిహేను వేల మైళ్లు రోడ్డు మీద మట్టి కొట్టుకుపోయి రెండు పౌండ్లలో కొత్తదయింది. ఇంకోటి మహల్లో గుడ్డ కప్పుకుని కూర్చుని, మళ్లీ జనం ముందుకు రావడానికి పెద్ద మరమ్మతు చేయించుకోవాల్సి వచ్చింది. మనవాళ్లు హిఫాజత్ అనే మాటని దాచిపెట్టడం అనే మానేలో వాడేస్తారు. నగకి అది సరే. ఇంజన్‌కి సరికాదు. ఆగి ఉన్న ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది నూనె పొర మెల్లగా కిందికి జారిపోతుంది. గాలిలో తేమ తగిలి ఉక్కు తుప్పు పడుతుంది. ట్యాంకులో పెట్రోల్ పాతబడి జిగురవుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. రబ్బరు సీళ్లు ఎండి బిరుసెక్కి, ఎప్పుడో ఒకరోజు స్టార్ట్ చేస్తే అక్కడ్నుంచి ఆయిల్ కారడం మొదలవుతుంది. టైర్లు ఒకేచోట బరువు మోసి అణిగిపోతాయి. ఇక మన ఊళ్లలోనైతే ఎలుకలున్నాయి. బానెట్ కింద వెచ్చగా ఇల్లు కట్టుకుని వైర్లు కొరికిపెడతాయి.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే మా భాంజా వల్ల. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లికి ముందే షౌక్ తీర్చుకుంటానని రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాడు, ఖిస్తుల మీద. మొన్న అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీదుగా ఊరికి తెచ్చాడు. వచ్చినప్పట్నుంచీ ఒకటే ఫిక్ర్. "మామూ, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మంటోంది, వినండి." "మామూ, ఆయిల్ తాగుతోందంటారా?" "మామూ, వారంటీ అయిపోయాక ఇంజన్ పోతే నా గతేంటి?" వాళ్లమ్మీ, అంటే మా ఆపా, "కారు కొన్నాడా, బీమారీ కొన్నాడా" అంది. చివరికి వాడు తీసుకున్న ఫైసలా, నెలకోసారి మాత్రమే బయటికి తీయాలని. నాకు వెంటనే చౌమహల్లా గుర్తొచ్చింది.

వాడికి చెప్పిందే మీకూ చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇలాంటి బళ్లు కొంటున్నారు. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులూ సిలిండర్ గోడలూ ఇంకా ఒకదానికొకటి అలవాటు పడవు. కొత్త జోడీ లాంటివే. అందుకే చాలా కంపెనీల పుస్తకాల్లో మొదటి 1,600 కిలోమీటర్ల వరకో అటూ ఇటూగానో నిండా తొక్కొద్దని రాసి ఉంటుంది. నిండా తొక్కకూడదంటే ముసలెద్దులా నడపమని కాదు. ఒకే స్పీడు పట్టుకుని గంటలు గంటలు పోకుండా హెచ్చూ తగ్గూ చేస్తూ నడపాలి. రెండోది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే రంయ్‌మనిపించొద్దు. ముల్లు మధ్యకొచ్చింది కదా అనుకుంటారు. ఆ ముల్లు చూపించేది నీటి వేడి. ఆయిల్ అంతకంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. ఆ పది నిమిషాలు మెల్లగా పోవాలి. టర్బో బండి అయితే గట్టిగా తోలి వచ్చి టక్కున ఆపేయకుండా ఒక నిమిషం అలా తిరగనివ్వాలి. మూడోది వాడికి తెలియనే తెలియదు. సందు చివర పాల ప్యాకెట్టు కోసం స్టార్ట్ చేసి, రెండు నిమిషాల్లో ఆపేస్తే, లోపల చేరిన తేమా కాలని పెట్రోలూ ఆవిరైపోయే వ్యవధి ఉండదు, ఆయిల్‌లో కలిసిపోతాయి. అందుకే కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చమంటారు. నెలకోసారి గేటు దాకా తీసి మళ్లీ లోపల పెట్టడం కంటే, వారానికోసారి నరసరావుపేట దాటి వినుకొండ వైపు ఓ అరగంట పోయి రావడం ఎంతో మేలు.

ఇక నిజాంల గ్యారేజీకి తిరిగొస్తాను. అసలు సబఖ్ అక్కడుంది.

1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశారు. తన కొడుకు ఆజం జాహ్‌ని కాదని, మనవడు ముకర్రం జాహ్‌ని వారసుడిగా ఆయన ముందే నిర్ణయించారు. ఏప్రిల్ 6న చౌమహల్లాలో గద్దెనెక్కిన ముకర్రం జాహ్‌కి అప్పటికి 33 ఏళ్లు. తల్లి దుర్రుషెహ్వార్, ఆఖరి ఉస్మానీ ఖలీఫా బిడ్డ. చదువు డూన్ స్కూల్, హారో, కేంబ్రిడ్జ్, శాండ్‌హర్స్ట్. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీర్ల దళంతో పని చేశాడు. విలియం డాల్రింపుల్ అనే చరిత్రకారుడు ఆనాటి హాలత్ రాశాడు. కొత్త నిజాం మీద ఆధారపడిన నౌకర్లూ పోష్యులూ 14,718 మంది. గ్యారేజీలో 60 కార్లు. వాటి పెట్రోలుకీ, సామాన్లకీ ఏటా 45 వేల పౌండ్ల ఖర్చు. అందులో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగు. గద్దెనెక్కిన రోజు ఆయన్ని తీసుకెళ్లాల్సిన లిమోజీన్ కూడా మొరాయించింది.

ఈ లెక్క చదివి నవ్వుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఆ 56 చచ్చిన బళ్లు తాగిన పెట్రోలు గురించి ఆలోచన పోతుంది. నడవని బండికి బిల్లు ఎలా వస్తుంది? బండికి జవాబ్‌దార్ ఎవరో తేలనప్పుడు వస్తుంది. అరవై కార్లకు వంద చేతులున్నా, ఫలానా బండి ఆయిల్ నేను చూశాను అని చెప్పే ఒక్క చెయ్యి లేనప్పుడు వస్తుంది. డబ్బు తక్కువై ఆ ఇంజన్లు పోలేదు. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అట్టమీద వేసిన మనిషి ఇంట్లో పోయాయి.

అదే 1967లో, ఆగస్టు 4న, ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ మా పల్నాడుకి వరం. దానికి ముందు మా వైపు మెట్ట పొలాల్లో, బావి ఉన్నచోట, ఆయిల్ ఇంజనే జిందగీ. మా దాదా బావి మీద ఒకటుండేదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. డీకంప్రెషన్ లివర్ ఎత్తి, హ్యాండిల్ తిప్పి, చక్రం ఊపందుకున్నాక లివర్ వదిలేస్తే డబ్బుడబ్బుమని అందుకునే రకం. మా నల్లరేగడి దుమ్ముకి గాలి ఫిల్టరు గిన్నెలో నూనె రోజూ చూసుకోవాలి. చూడకపోతే ఆ దుమ్ము లోపలికి పోయి సిలిండర్ని గరుకు కాయితంలా గీకేస్తుంది. దాదాకి అక్షరం ముక్క రాదు. కానీ ఆ ఒక్క ఇంజన్ ఆగితే మిరప తోట ఎండుతుంది, ఇంట్లో చూల్హా ఆరుతుంది. అందుకని ఫజర్ కాగానే గిన్నె విప్పి చూసేవాడు. అరవై కార్ల ఇంట్లో లేని జవాబ్‌దారీ ఒక్క ఇంజన్ ఇంట్లో ఉంది. గరీబీ గొప్పదని చెప్పడం లేదు, దాదాకి ఇంకో దారి లేదంతే.

ముకర్రం జాహ్ గురించి మన పెద్దలు వెటకారంగా మాట్లాడటం విన్నాను. నిజాం మనవడై ఉండి చేతులకి గ్రీజు పూసుకున్నాడని. నిజమే, ఆయనకి దర్బారు కంటే బానెట్ కింద తల దూర్చడమే ఇష్టం. 1970ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల పశుక్షేత్రం కొని అక్కడికి వెళ్లిపోయాడు. దాదాపు ఐదు లక్షల ఎకరాల బీడు. అక్కడ బుల్‌డోజర్ స్వయంగా తోలేవాడు, చెడిపోతే స్వయంగా విప్పేవాడు. నన్నడిగితే ఆయనలో మెచ్చుకోదగ్గ విషయం అదే. తప్పు ఆ గ్రీజులో లేదు. ఇంజన్ మూలుగు వినగల చెవి హైదరాబాద్ నుంచి వస్తున్న ఖాతాల మూలుగు వినలేదు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి, భూములు పోయాయి, వారసుల కేసులు మీద పడ్డాయి, నమ్మి అప్పగించిన చోట్ల జాయిదాద్ కరిగిపోయింది. చివరికి ఆస్ట్రేలియా కూడా వదిలి తుర్కీ చేరాడు. చౌమహల్లాని మొదటి బేగం ఎస్రా వచ్చి బాగు చేయించింది. 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో అవార్డు దక్కింది. ఆయన 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో ఇంతెఖాల్ అయ్యాడు. మయ్యత్‌ని తెచ్చి మక్కా మసీదులో పూర్వీకుల పక్కన దఫన్ చేశారు.

ఆ వెటకారం నన్ను బాధించేది నవాబు గారి కోసం కాదు. మన ఇళ్లలో పిల్లాడికి చదువు అబ్బకపోతే "షెడ్డులో వేసేస్తా" అని బెదిరిస్తాం. నరసరావుపేట షెడ్లలో, బెజవాడ ఆటోనగర్‌లో ఎంతమంది మన బిడ్డలు స్పానరు పట్టుకుని ఇళ్లు నడుపుతున్నారో చూస్తూ కూడా ఆ హునర్‌కి ఇజ్జత్ ఇవ్వం. ఇంటి అల్లుడు మెకానిక్ అంటే గొంతు తగ్గించి చెబుతాం. మళ్లీ బండి ఆగిపోతే అర్ధరాత్రి ఆ ఉస్తాద్ ఇంటి తలుపే కొడతాం.

అలాగని చెవి ఒక్కటే చాలని నేననను. ఇప్పటి స్పోర్ట్స్ కారులో సగం రోగం కంప్యూటర్ పెట్టి చూస్తేగానీ తెలియదు. వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ సర్వీసుకే పోవాలి, టైము దాటనివ్వకూడదు, ప్రతి రసీదు దాచాలి. రేపు నిజంగా ఇంజన్‌కేదైనా అయితే మాట్లాడేది ఆ కాయితాలే. ఏ ఆయిల్ పోయమని పుస్తకంలో రాశారో అదే పోయాలి, షెడ్డువాడు "అన్నీ ఒకటే భాయ్" అన్నా సరే. భాంజా టిక్ టిక్ సంగతి మా పేట ఉస్తాద్‌కి వినిపించాను, బానెట్ ఎత్తకుండానే. ఆయన రెండు నిమిషాలు నిలబడి విన్నాడు. ఇంజెక్టర్ల చప్పుడు, ఇలాంటి ఇంజన్లకి మామూలే, వేడెక్కాక కూడా పెరుగుతూ పోతే అప్పుడు కంపెనీకి తీసుకెళ్లు అన్నాడు. వేడెక్కాక తగ్గింది.

వాడికి ఒక చిన్న కాపీ కొనిచ్చాను. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు, నెలకి రెండుసార్లు ఆయిల్ మట్టం, టైర్ల గాలి రాయమన్నాను. యాప్ ఉంది కదా మామూ అన్నాడు. ఉండనీ బేటా, నీ చేత్తో రాయి అన్నాను. మొదటి లైను ఇక్కడే, మా అరుగు మీద కూర్చుని రాశాడు: 1,140 కి.మీ., ఆయిల్ రెండు గీతల మధ్య, ముందు ఎడమ టైరు గాలి కాస్త తక్కువ.