చెట్ల సందుల్లోకి దిగిన ట్రాక్టర్

మామిడి తోటకో బత్తాయి తోటకో ట్రాక్టర్ కొందామని షోరూమ్ మెట్లెక్కిన రైతును మొదట అడిగేది ‘ఎన్ని హెచ్‌పీ కావాలండీ?’ అని. మెట్ట దుక్కికి, మాగాణి దమ్ముకు ఆ ప్రశ్న సరైనదే. తోట సంగతి వేరు. అక్కడ ముందు బండి వెడల్పు చూడాలి, కొమ్మల కింద దూరుతుందో లేదో చూడాలి, వెనక ఏ పనిముట్టు తగిలిస్తామో తేల్చుకోవాలి. చిన్న ట్రాక్టర్లు చేసినవాళ్లు వందేళ్లుగా కుస్తీ పట్టింది వీటితోనే. హెచ్‌పీ లెక్క ఆ తర్వాత తేలింది.

తొలి ట్రాక్టర్లకు తోటలోకి ప్రవేశమే లేదు. నాగలి లాగితే పనిచేసే పనిముట్టు. లాగాలంటే చక్రాలకు నేల మీద పట్టు ఉండాలి, పట్టు దొరకాలంటే బరువు ఉండాలి. అందుకే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆవిరితోనో కిరసనాయిలుతోనో నడిచిన యంత్రాలను టన్నుల కొద్దీ ఇనుముతో పోతపోశారు. ఎకరాల కొద్దీ బీడు దున్నడానికి అవి పనికొచ్చాయి గానీ చెట్ల వరసల మధ్య మెసలడానికి కాదు. తోటల్లో అక్కడ గుర్రం, కంచరగాడిద, ఇక్కడ జోడెడ్ల అరక. కొమ్మ తగిలితే ఎద్దు తల వంచుతుంది. మొక్క మొదలు దగ్గర అదిలిస్తే ఆగుతుంది. ఇనప బండికి ఆ తెలివి ఎక్కడిది?

మార్గం పనిముట్టు వైపు నుంచి దొరికింది. 1912లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, గిల్‌గాండ్ర దగ్గర తండ్రి పొలంలో, ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే కుర్రాడు ఒక ప్రయోగం చేశాడు. మామూలు దుక్కిలో నాగలి ఒకవైపు మట్టిని గుల్ల చేస్తుంటే, దాన్ని లాగే బండి అదే నేలను అదిమేస్తుంది. ఒక చేత్తో మంచం నులక వదులు చేస్తూ ఇంకో చేత్తో బిగిస్తున్నట్టు. హోవర్డ్ ఆవిరి ట్రాక్టర్ ఇంజన్ నుంచి శక్తిని తీసుకుని, పళ్ల బిళ్లలున్న సేద్యపు పనిముట్టును గిరగిరా తిప్పి చూశాడు. మట్టి చక్కగా చిట్లింది గానీ పక్కలకు ఎగిరిపడింది. తర్వాత చిన్న ఇరుసుకు ఎల్ ఆకారపు బ్లేడ్లు బిగించాడు. దాంతో మట్టి ఉన్నచోటే పొడిపొడిగా రాలింది.

మోటార్‌సైకిల్ ప్రమాదం, ఆపైన మొదటి ప్రపంచ యుద్ధం అతని పనిని కొన్నేళ్లు ఆపేశాయి. 1920లో పేటెంట్ తీసుకున్నాడు, 1922లో కంపెనీ పెట్టాడు, 1938లో ఇంగ్లండ్ వెళ్లి ఎసెక్స్‌లో ఫ్యాక్టరీ తెరిచాడు. ఆ యంత్రమే రోటవేటర్. తెలుగు నేల మీద ఈనాడు ఈ పేరు తెలియని ఊరు లేదు. సీజన్‌లో పనిముట్ల షెడ్డు ముందు రోటవేటర్‌ను బోర్లా పడేసి, అరిగిన బ్లేడ్లు విప్పి, ఎడమవేవో కుడివేవో చూసుకుంటూ కొత్తవి బిగించే మెకానిక్ చేతిలో ఉన్నది ఆ ఎల్ ఆకారమే.

హోవర్డ్ కంటే ముందే స్విట్జర్లాండ్‌లో కొన్రాడ్ ఫాన్ మేయెన్‌బుర్గ్ స్ప్రింగు గోళ్లతో మట్టిని గీకే యంత్రాన్ని రూపొందించాడు. జర్మనీకి చెందిన సీమెన్స్-షుకెర్ట్ దాన్ని తయారుచేసింది. ఆ వంశానికే చెందిన స్విస్ టిల్లర్లు 1930 ప్రాంతంలో అమెరికా చేరి, అక్కడి పెరటి తోటల్లో రోటోటిల్లర్లుగా స్థిరపడ్డాయి. ఈ యంత్రాలన్నిటిలో ఉన్న కిటుకు ఒకటే. తిరిగే బ్లేడు మట్టిని తవ్వుతూ బండిని ముందుకు నెడుతుంది. బండి కష్టపడి లాగాల్సిన పని తగ్గింది కాబట్టి అంత బరువు అక్కర్లేదు. బరువు తగ్గితే బండి చిన్నదవుతుంది, చిన్నదైతే తోటలోకి వస్తుంది. చిన్న ట్రాక్టర్ పుట్టుకకు ఇంతకంటే పెద్ద కారణం కనిపించదు.

హోవర్డ్ ప్రయోగాల కాలంలోనే అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బెంజమిన్ గ్రేవ్లీ అనే ఫొటోగ్రాఫర్ తన తోట పని కోసం, చేత్తో నెట్టే నాగలికి ఇండియన్ కంపెనీ మోటార్‌సైకిల్ భాగాలు తగిలించాడు. 1916లో పేటెంట్ వచ్చింది, 1922లో కంపెనీ మొదలైంది. ఒకే చక్రం మీద నడిచిన ఆ బండి వెనక మనిషి నడుస్తూ పోవాలి. మన పవర్ టిల్లర్ వెనక నడిచే రైతుకు ఆ శ్రమ ఏమిటో చెప్పక్కర్లేదు.

మనిషి ఎక్కి కూర్చునే ట్రాక్టర్ వరసల మధ్యకు వచ్చింది 1924లో. ఆ ఏడాది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఫార్మాల్ ట్రాక్టర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ముందు చక్రాలు దగ్గరదగ్గరగా, నేలకూ ఇరుసుకూ మధ్య ఎత్తు ఎక్కువగా ఉండటంతో, పెరుగుతున్న పైరు మీదుగా పోతూ కలుపు తీయడం సాధ్యమైంది. పండ్ల తోటకు మాత్రం కావాల్సింది దీనికి తలకిందులు. అక్కడ బండి ఎత్తు తగ్గాలి. 1930లలో జాన్ డీర్ కంపెనీ తెచ్చిన ఏఓ రకం ట్రాక్టర్లను చూస్తే ఇది అర్థమవుతుంది. వెనక చక్రాలను పూర్తిగా కప్పేసే రేకు తొడుగులు, నిటారుగా లేవాల్సిన పొగగొట్టాన్ని కిందికి తిప్పేయడం, కొమ్మ ఎక్కడా చిక్కుకోకుండా జారిపోయేలా నున్నటి ఒళ్లు. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయ ఆపిల్ తోటలు ఏటవాలు కొండల మీద ఉంటాయి. అక్కడి లిండెమన్ సోదరులు జాన్ డీర్ తోట ట్రాక్టర్‌కు చక్రాలు పీకేసి గొలుసు పట్టాలు ఎక్కించారు. 1940లలో ఆ బండికి ఎంత పేరొచ్చిందంటే జాన్ డీర్ చివరికి లిండెమన్ కంపెనీనే కొనేసింది. నేల వాలును బట్టి బండి మారాలన్న సంగతి అమ్మేవాళ్లకంటే వాడేవాళ్లకు ముందే తెలుసు.

ఈ కథలో అందరికంటే ఎక్కువ కృతజ్ఞత దక్కాల్సింది హ్యారీ ఫెర్గూసన్‌కు. ఐర్లండ్ ఉత్తర భాగంలోని కౌంటీ డౌన్‌లో పుట్టిన రైతుబిడ్డ. తేలిక ట్రాక్టర్‌కు నాగలిని గొలుసుతో కట్టి లాగిస్తే, నాగలి రాయికి తగిలినప్పుడు ముందు చక్రాలు పైకి లేచి బండి డ్రైవర్ మీద వెనక్కి పడేది. అలా ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల పట్టి ఉంచే చట్రం తయారుచేశాడు. కింద రెండు చేతులు లాగుతాయి, పైన ఉన్న మూడో కడ్డీ ముందుకు నొక్కుతుంది. దున్నే కొద్దీ మట్టి ఒత్తిడి వెనక చక్రాలకు బరువుగా మారుతుంది, ముందు చక్రాలు నేలను వదలవు. ఇనుము బరువు మోయకుండానే బరువైన ట్రాక్టర్ పట్టు దొరికింది. నాగలి లోతును హైడ్రాలిక్ చూసుకుంది.

1938లో ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ చేతులు కలిపారు. కాగితం లేదు, సంతకం లేదు. మరుసటి ఏడాది ఫెర్గూసన్ చట్రంతో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది. పెద్ద ఫోర్డ్ పోయాక ఆ స్నేహం కోర్టుకెక్కి, 1952లో ఫెర్గూసన్‌కు 92.5 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఈలోగా 1946 నుంచే ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఫెర్గూసన్ సొంత ట్రాక్టర్ టీఈ20 తయారవుతోంది. పదేళ్లలో 5 లక్షలకు పైగా బయటికొచ్చిన ఆ బూడిదరంగు బండికి సన్న రకం, ద్రాక్షతోట రకం కూడా ఉండేవి. ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే. అయితే వాటి అసలు ఘనత ధ్రువంలో లేదు. ఈరోజు మన ఊళ్లో ఏ కంపెనీ ట్రాక్టర్ వెనక నిలబడి చూసినా కల్టివేటర్‌ను పట్టుకుని ఉండేది ఆ మూడు కడ్డీల చట్రమే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో కూరగాయలు, పూలు పండించే చిన్న రైతులు కంచరగాడిదలను వదిలేయడానికి సిద్ధమయ్యారు. వాళ్ల కోసం 1947లో ఫార్మాల్ కబ్ వచ్చింది. లీటరు లోపు ఇంజన్, 10 హెచ్‌పీ కూడా సరిగా లేని శక్తి. కానీ ఇంజన్‌ను ఎడమకు, సీటును కుడికి జరిపి బిగించడంతో డ్రైవర్‌కు తన కాళ్ల ముందే సాలు కనిపించేది. పార ఆకు మొక్కకు ఎంత దగ్గరగా పోతోందో మెడ తిప్పకుండా చూసుకోవచ్చు. 1979 దాకా, మూడు దశాబ్దాల పైగా ఈ బండి తయారైంది. 1948లో అలిస్-చామర్స్ జీ ఇంకో అడుగు వేసింది. ఇంజన్‌ను డ్రైవర్ వీపు వెనక పెట్టేసి, ముందు రెండు గొట్టాల చట్రం మాత్రమే ఉంచింది. పనిముట్లు కళ్లెదుటే, నేల మొత్తం బట్టబయలు. 1955లో దాని తయారీ ఆగింది గానీ, అమెరికా కూరగాయ రైతులు దాన్ని ఇప్పటికీ వెతికి కొంటారు. కొందరు పాత ఇంజన్ తీసేసి బ్యాటరీ, మోటారు పెట్టుకున్నారు.

కబ్ కొనేవాళ్లకు అక్కడి పాతకాపులు చెప్పే జాగ్రత్త ఒకటుంది. దాని పీటీఓ, అంటే ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే ఇరుసు, ఇప్పటి ప్రమాణానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది, వేగమూ వేరు. ఇప్పటి పనిముట్లు ఎక్కువగా నిమిషానికి 540 చుట్ల లెక్కన చేసినవి కాబట్టి నేరుగా తగిలించడానికి కుదరదు. బండి ఎంత ముద్దొచ్చినా, దానికి సరిపడే పనిముట్టు బజారులో లేకపోతే అది సగం బండే.

చిన్న ట్రాక్టర్‌ను ప్రపంచమంతా తిప్పింది జపాన్. యుద్ధం తర్వాతి భూసంస్కరణలతో అక్కడ కౌలుదార్లు సొంతదార్లయ్యారు. అప్పట్లో కమతం సగటున రెండున్నర ఎకరాలు మించేది కాదు. ముందు చేతి టిల్లర్లు పల్లెపల్లెకూ చేరాయి. 1960లో కుబోటా 15 హెచ్‌పీ టీ15తో రంగంలోకి దిగింది, 1969లో 21 హెచ్‌పీ ఎల్200ను అమెరికాకు పంపింది. చిన్న డీజిల్ ఇంజన్, వెనక రోటరీ. వరి మడిలో దిగబడకుండా తేలిగ్గా చేసిన బండి పెద్ద పెరళ్లకు, పండ్ల తోటలకు అతికినట్టు సరిపోయింది.

మన దేశంలో కథ భారీ యంత్రాలతో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అమెరికా సైన్యం వదిలేసిన యంత్రాలతో గడ్డి బీళ్లను సాగులోకి తెచ్చింది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్, తర్వాత చెన్నైలో మాసీ ఫెర్గూసన్‌తో కలిసి టాఫే ట్రాక్టర్లు చేయడం మొదలుపెట్టాయి. దుర్గాపూర్‌లోని సీఎంఈఆర్‌ఐ పరిశోధన సంస్థ ఇంజనీర్లు సొంతంగా గీసిన డిజైన్‌తో 1974లో పంజాబ్ నుంచి స్వరాజ్ 724 వచ్చింది. ఇవన్నీ గోధుమ చేలు, వరి మాగాణుల అవసరాలు. చిన్న బండ్ల దారి దక్షిణాన తెరుచుకుంది. 1967లో బెంగళూరులో మొదలైన వీఎస్‌టీ కంపెనీ మిత్సుబిషి సాయంతో పవర్ టిల్లర్లు, తర్వాత 18.5 హెచ్‌పీ శక్తి ట్రాక్టర్ తెచ్చింది. కేరళలో 1973లో పుట్టిన కామ్‌కో కుబోటా సాంకేతికతను తీసుకుంది. గుజరాత్, మహారాష్ట్రల పత్తి సాళ్లు, ద్రాక్షతోటలు గిరాకీ పెంచాక 2010ల నాటికి మహీంద్రా యువరాజ్ 215 లాంటి 15 హెచ్‌పీ బండ్లు మన డీలర్ల దగ్గరా బారులు తీరాయి. 2021లో వచ్చిన స్వరాజ్ కోడ్ 11 హెచ్‌పీ బండిని రెండు దిశల్లోనూ నడపొచ్చు, అంటే సాలు చివర మలుపు తిరిగే చోటు లేకపోయినా పని ఆగదు.

మన తోటల్లో చిన్న బండి విలువ బత్తాయి దగ్గర బాగా తెలుస్తుంది. నల్లగొండ, అనంతపురం బత్తాయి చెట్ల ఆహారపు వేళ్లు నేల పైపొరలోనే అల్లుకుని ఉంటాయి. 50 హెచ్‌పీ బండికి పెద్ద కల్టివేటర్ వేసి చెట్టు మొదలు దాకా లోతుగా తోలితే ఆ వేళ్లు తెగుతాయి, గాయాల్లోంచి కుళ్లు తెగులు ప్రవేశిస్తుంది. గుంటక తోలిన కాలంలో ఈ బాధ తక్కువ. కొమ్మలు నేలను తాకే చెట్టు కిందికి పెద్ద బండి పోలేదు, పోతే కాయ రాల్చుకుంటూ పోతుంది. చిన్న బండితో పైపైన, కలుపు చచ్చేంత లోతుకు తోలడం ఒక్కటే అక్కడ కావాలి. ఏటా అదే లోతున రోటవేటర్ తిప్పితే అడుగున గట్టి పొర కడుతుంది కనుక, మధ్యమధ్యలో చెట్లకు దూరంగా గొర్రు పట్టించడం మేలు.

గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్ తోటలో లెక్క మారుతుంది. 9 మీటర్ల త్రికోణంలో ఎకరానికి 57 మొక్కలు. దారి కావలసినంత. అక్కడ దుక్కికంటే గెలలు మోయడమే ఎక్కువ, కోత ఏడాది పొడుగునా ఉంటుంది. ట్రక్కు నిండా గెలలేసుకుని తడి గట్టు దిగేటప్పుడు బండి కంటే ట్రక్కు బరువెక్కువైతే వెనక నుంచి తోసేస్తుంది. ఆ తోటకు మరీ చిన్న బండి కొనడం ప్రమాదం. పందిరి ద్రాక్షకైతే మళ్లీ ఎత్తే సమస్య. ఆరేడు అడుగుల పందిరి కింద డ్రైవర్ తల తగలకుండా పోవాలి. అందుకే బండి తిరగబడితే కాపాడే ఇనప చట్రాన్ని మడిచి పెట్టుకునే వీలుతో తోట ట్రాక్టర్లు చేస్తున్నారు. పందిరి దాటగానే దాన్ని మళ్లీ లేపుకోవాలి.

ఇంతా చూసి కొన్నాక కూడా తోట రైతు టేపు పట్టుకుని చూడాల్సింది ఇంకొకటి ఉంది. రెండు వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం కంటే రోటవేటర్ వెడల్పు కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువైతే టైరు తొక్కిన జాడ దున్నకుండా మిగిలిపోతుంది, అక్కడే కలుపు లేస్తుంది. ఎక్కువ వెడల్పు రోటవేటర్‌ను తిప్పే సత్తా చిన్న ఇంజన్‌కు లేకపోతే టైర్లను లోపలికి జరిపి బిగించుకోవాలి. అలా జరపడానికి వీలున్న రిమ్ములు ఆ బండికి ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగాలి.