పక్కింటి చెట్టు, మనింటి కప్పు

పక్కింటాయన చెట్టు మన కప్పు మీదకి వాలితే ఏం చెయ్యాలి? ఈ తగువు ఇవాళ్టిది కాదండీ. క్రీ.పూ. 450 ప్రాంతంలో రోమన్లు రాసుకున్న పన్నెండు ఫలకాల చట్టంలోనే ఉంది. పొరుగువాడి చెట్టు గాలికి మన చేలోకి వంగితే తీయించమని అడగొచ్చు. మన చెట్టు కాయలు పక్క చేలో రాలితే వెళ్ళి ఏరుకోవచ్చు కూడా!

ఇంగ్లాండులో 1894లో లెమన్ వర్సెస్ వెబ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇంకో మాట చెప్పింది. హద్దు దాటి వచ్చిన కొమ్మని చెప్పా పెట్టకుండా నరికెయ్యొచ్చు, కాకపోతే అవతలి స్థలంలో కాలు పెట్టకూడదు. సరే బావుంది కదా అని ఒకాయన కొమ్మకున్న యాపిల్ పళ్ళు కోసి అమ్ముకున్నాడు. కొమ్మా, పళ్ళూ చెట్టు యజమానివేనని 1919లో కోర్టు తేల్చేసింది.

అమెరికాకి వచ్చేసరికి కథ రెండుగా చీలింది. 1931లో మసాచుసెట్స్‌లో ఓ పాప్లర్ చెట్టు వేళ్ళు పక్కింటి డ్రైనేజీ పైపుల్లో దూరి, సెల్లారు సిమెంటుని పగలగొట్టాయి. కోర్టు ఏమందయ్యా అంటే, "నీ హద్దులోకి వచ్చిన వేళ్ళు నువ్వే కోసుకో, నష్టపరిహారం మాత్రం అడక్కు" అని. 2018లో మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు.

దీన్ని తిరగేసింది హవాయి, అదీ మన మర్రిచెట్టు పుణ్యమా అని. 90 అడుగుల మర్రి కొమ్మలు పక్కింటి గ్యారేజీ కప్పునీ, వ్యానునీ పాడుచేశాయి. ఆకులు రాలడం, నీడ పడడం భరించాల్సిందే గానీ, నిజంగా నష్టం జరిగినా, జరిగే ప్రమాదం ఉన్నా ఖర్చు చెట్టున్నవాడిదేనని 1981లో తీర్పొచ్చింది. మనవాళ్ళు బోలెడుమంది ఉండే వర్జీనియా 2007లో తన పాత రూలు వదిలేసి ఇటే వచ్చింది.

నా ఓటు హవాయికే. నీ కొమ్మ నువ్వే నరుక్కో అన్న రూలు కత్తి పట్టుకుని కంచె దగ్గర నిలబడితే అందే కొమ్మకి సరిపోతుంది. 90 అడుగుల మానుకి మనిషినీ యంత్రాన్నీ పెట్టి వేల డాలర్లు పోసేది ఎవరు? నీడ ఆయనకి, బిల్లు మనకీనా?

మన దగ్గర పడిపోయేలా ఉండి మనుషులకి ప్రమాదమైన చెట్టుని తీసెయ్యమని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చు. 1973 నాటి సీఆర్‌పీసీలో ఇది 133వ సెక్షను, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 152వది. అలాగని గొడ్డలి పట్టుకుని బయల్దేరకండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి.

ఇంత చరిత్రలో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. అమెరికాలో పచ్చగా ఉన్న చెట్టు తుఫానుకి మీ ఇంటి మీద పడితే, సాధారణంగా కట్టేది మీ ఇన్సూరెన్సే. ఎండిందనీ పుచ్చిందనీ తెలిసీ ఆయన ఊరుకుంటేనే బాధ్యత అటు మళ్ళుతుంది. తెలుసని రుజువు చెయ్యాలిగా? అందుకే ఫోటో తీసి, తారీఖు వేసి, మర్యాదగా ఓ ఉత్తరం రాసి పెట్టుకోండి. మాటలు గాలికి పోతాయి, కాగితం మిగుల్తుంది. ఏమంటారు?