మోటారు సైకిలు రంగు - దాని పూర్వకథ



సంక్రాంతి మరునాడు మన చిత్తూరు ప్రాంతమున పశువుల పండుగ జరుపుట మీరెరిగినదే. ఆనాడు ఎద్దులను చెరువునకు తోలి కడిగి, కొమ్ములను చెక్కి నునుపుచేసి, వానికి రంగు పూయుదురు. కొమ్ము చెక్కకయే రంగు పూసినవాడు మా చిన్ననాట ఊరిలో నగుబాటు పాలయ్యెడివాడు. ఆ రంగు నాలుగు దినములకే పెచ్చులుగా రాలిపోయెడిది. ఇప్పుడు పెక్కు ఇండ్లలో కొట్టము ఉన్నది గాని ఎద్దులు లేవు. వాని తావున మోటారు సైకిలు నిలిచియున్నది. మనుమడు అంగడినుండి స్ప్రే డబ్బా యొకటి కొనితెచ్చి, బండి ప్రక్కరేకులను విప్పి వాకిట బెట్టి, డబ్బా తల నొక్కి బుస్సుమని రంగు చిమ్ముచున్నాడు. తాతగారు అరుగుమీద గూర్చుండి, ఇది మనకు తెలియని విద్య యనుకొని ఊరకుందురు. అట్లు ఊరకుండవలసిన పని లేదని నా యభిప్రాయము. ఆ డబ్బా ఎట్లు పుట్టినది, అది ఏ శ్రమను తగ్గించినది, ఏ శ్రమను తగ్గింపజాలకపోయినది యను సంగతి నేడు మీకు మనవిచేయుదును.

ఇందులకు మొదట దూరదేశములకు పోనక్కరలేదు. స్వర్ణముఖి యొడ్డున శ్రీకాళహస్తిలో కలంకారీ వ్రాయువారిని చూడుడు. వారు కలము పట్టుటకు ముందు గుడ్డను ఉదికి, కరక్కాయపొడియు పాలును కలిపిన నీటిలో నానబెట్టి యారవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును చెదరి ప్రాకనీయదు. త్రుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో దినములకొలది మురుగబెట్టి తీసిన రసము, కరక్కాయ పట్టిన ఆ గుడ్డను తాకినంతనే నల్లనగును. ఎరుపు కావలసిన చోట ముందుగా పటికనీరు పూయుదురు. పటిక తాకిన చోటనే ఎరుపు నిలుచును. తాకని చోట నీటితో పోవును. 1950 దశకమున కమలాదేవి ఛటోపాధ్యాయ గారి పూనికచే అచ్చట శిక్షణ కేంద్రము వెలసి, అంతరింపనున్న ఆ విద్య మరల చిగిర్చినది. మన మోటారు సైకిలునకు పరమశత్రువైన త్రుప్పే వారికి నల్లరంగై ఉపకరించుట వింత గదా! అది యట్లుండనిండు. అడుగు సిద్ధముకాని చోట రంగు నిలువదను మాట మన ప్రాంతమున ఏనాటినుండియో తెలిసినదే యని చెప్పుటకే దీనిని ఎత్తితిని.

ఇక ఇనుపరేకు మాట. ఐరోపా, అమెరికా ఖండములలో మోటారుకార్లు పుట్టిన తొలినాళ్లలో వానికి గుఱ్ఱపుబండ్లకు వేసినట్లే నూనెరంగును కుంచెతో వేసెడివారు. ఒక పూత ఆరవలెను, దానిని రుద్దవలెను, మరల పూయవలెను. ఇట్లు ఒక్కొక్క బండికి వారములు పట్టెడిది. చేసిన బండ్లు రంగు ఆరుటకై పెద్ద పెద్ద శాలలలో కాచుకొని యుండెడివి. ఫోర్డు కంపెనీవారు తమ టి మోడలు కారును 1914 నుండి 1925 వరకు నలుపురంగులో మాత్రమే అమ్మిరి.

ఆ చిక్కును విప్పినది ప్రత్తి యన్నచో మీకు ఆశ్చర్యము కలుగును. ప్రత్తిని నత్రికామ్లముతోను గంధకికామ్లముతోను కలిపినచో తుపాకిమందునకు పనికివచ్చు పదార్థమొకటి పుట్టును. 1914-1918 మహాయుద్ధములో దీనిని విస్తారముగా చేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ కర్మాగారములకు వేరు పని కావలసివచ్చెను. డ్యూపాంటు కంపెనీవారు ఆ పదార్థమునే మరియొక పాకమున పట్టి ద్రావకములలో కరగించి, డ్యూకో అను పేర రంగు చేసిరి. 1923లో జనరల్ మోటార్సు వారు తమ ఓక్‌లాండు కార్లకు దానిని వాడిరి. వారముల పని గంటలలోనికి వచ్చెను. అయితే ఈ రంగు ఎంత త్వరగా ఆరునో, కుంచె జాడలను అంత త్వరగా తనయందు నిలుపుకొనును. కనుక దీనిని పూయుటకు వీలులేదు, చిమ్మవలసినదే.

చిమ్ము సాధనము అప్పటికే సిద్ధముగా నున్నది. దాని పుట్టుక మరియు విచిత్రము. అమెరికాలోని టొలీడో నగరమున అలెన్ డివిల్బిస్ అను వైద్యుడుండెను. రోగుల గొంతులోనికి మందును తుంపరగా పంపుటకై 1888లో ఆయన ఒక చిన్న పరికరమును కల్పించెను. ఆయన కుమారుడు థామస్ ఆ సూత్రమునే పెంచి 1907లో రంగు చిమ్ము గన్నును చేసెను. మందు చిమ్ముటకు పుట్టిన విద్య రంగు చిమ్ముటకు మారినది. నేడు ఆ రంగే గొంతునకును ఊపిరితిత్తులకును హాని చేయుచున్నది. దీనిగూర్చి ముందు చెప్పెదను.

గన్నుకు గాలి నింపు యంత్రము కావలెను. అది ఇంటింట ఉండదు. గాలిని గూడ రంగుతోపాటు డబ్బాలో బిగించుట తరువాతి మెట్టు. నార్వేదేశీయుడైన ఎరిక్ రోథైమ్ 1920 దశకముననే దీనికి త్రోవ చూపెను. కాని దానిని లోకమునకు తెచ్చినది దోమ! రెండవ మహాయుద్ధకాలమున ఉష్ణదేశములలో అమెరికా సైనికులు చలిజ్వరము పాలగుచుండగా, ఆ దేశపు వ్యవసాయ శాఖలోని గుడ్‌హ్యూ, సల్లివన్ అను ఇరువురు దోమల మందును ఒత్తిడిగల వాయువుతో ఇనుప డబ్బాలో నింపి యిచ్చిరి. యుద్ధానంతరము, 1949లో, ఇల్లినాయి రాష్ట్రమందలి సికమోరు పట్టణమున రంగుల వ్యాపారి ఎడ్వర్డ్ సేమోర్ అట్టి డబ్బాలో అల్యూమినియపు రంగు నింపెను. ఆ సలహా ఆయన భార్య బానీ యిచ్చినదట. డబ్బా నూపినపుడు లోపల లొటలొటలాడు గోళీ అడుగున పేరుకొన్న రంగును కలుపుటకై యున్నది.

ఆ డబ్బాలలో చిమ్ముటకు వాడిన వాయువు ఆకాశమందలి ఓజోను పొరను తినివేయునని 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడిక జరిగెను. 1992లో మన దేశము అందు చేరెను. ఇప్పటి డబ్బాలలో చాలవరకు వంటగ్యాసువంటి వాయువే యుండును. ఆకాశమునకు మేలు జరిగినది గాని వాకిట నిప్పుభయము పెరిగినది.

మన ప్రాంతపు మాటకు వత్తము. 1944లో తిరుమలకు ఘాటురోడ్డు తెరువబడినది. 1950 దశకమున మదరాసు చెంత తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డు మోటారు సైకిళ్ల తయారీ మొదలయ్యెను. ఆ నల్లని ట్యాంకుపై బంగారువన్నె గీతలను పనివారు కుంచెతో చేతిమీదనే గీసెడివారు. 1980లో హోసూరునుండి టి.వి.యస్. 50 వచ్చి, పాలక్యానులు మోయు రైతు బండియై మన పల్లెలలో నిండినది. 2018లో సత్యవేడు మండలము మాదన్నపాళెమున హీరో కంపెనీ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఇట్టి కర్మాగారములలో ఇనుపరేకును మందునీటిలో కడిగి, విద్యుత్తు ప్రసరించు తొట్టిలో ముంచి అడుగుపూత పట్టించి, కొలిమివంటి గదిలో కాల్చి, ఆ తరువాతనే రంగు వేయుదురు. మన వాకిట ఆ తొట్టియు లేదు, ఆ కొలిమియు లేదు. ఆ రెంటి బదులు చేయవలసినది చేతి పని. డబ్బాలో ఆ పని లేదు.

మా మేనల్లుడొకడు తండ్రి వాడిన పాత బండికి ఎర్రరంగు కొట్టి, దీపావళినాటికి క్రొత్తబండివలె నిలిపెను. సంక్రాంతికి కడుగుచుండగా ప్రక్కరేకుల రంగు అరటిపొరవలె ఊడివచ్చెను. "డబ్బా నకిలీది మామా" అని వగచెను. రేకు వెనుక ప్రక్క త్రిప్పిచూచితిమి, పి.పి. అని అచ్చుపడియున్నది. అది పాలీప్రొపిలీను. చేతికి నూనె రాసుకొన్నట్లుండు ఆ ప్లాస్టికునకు ప్రత్యేకపు అడుగుపూత వేయనిదే ఏ రంగును అంటదు. ఎ.బి.యస్. అని యున్నచో అది వేరు జాతి. దానికి రంగు చక్కగా పట్టును గాని ఘాటైన థిన్నరు తగిలినచో కరగి పగుళ్లిచ్చును. కావున మనుమడు రంగు కొట్టకముందే రేకు వెనుక నేమి వ్రాసియున్నదో అడుగుడు.

ఇనుపరేకునకు త్రుప్పును మెరుగువచ్చువరకు తీసి, సబ్బుతో జిడ్డు పోవ కడిగి, సొట్టలకు లప్పము పెట్టి, ఉప్పుకాగితముతో నీరు పోయుచు రుద్దవలెను. ముందు 320, పిదప 600 నంబరు కాగితము చాలును. పొడిగా రుద్దరాదు. పాతకాలపు రంగులలో సీసము కలియుట కలదు. ఆ ధూళి పసిబిడ్డలకు మిక్కిలి చెరుపు. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదని మన ప్రభుత్వము 2016లో కట్టడిచేసి 2017 నవంబరునుండి అమలుపరచినది. అంతకు పూర్వపు బండి రంగునందేమున్నదో చూచినంతమాత్రమున తెలియదు. రుద్దిన పిమ్మట ప్రైమరు, అది ఆరిన పిమ్మట రంగు. జానెడుకు కొంచెము ఎడముగా డబ్బాను పట్టి, రేకు అంచునకు ఇవతల మొదలిడి అవతల ఆపుచు, పలుచగా మూడు నాలుగు పూతలు వేయవలెను. ఒక్క పూతలో ముగింపబోయినచో కన్నీటిధారలు కారును.

కాలమును గూడ ఎంచుకొనవలెను. కార్తీకమాసపు ముసురులో చిమ్మినచో గాలిలోని తడి పట్టి రంగు పాలిపోవును. చైత్ర వైశాఖముల మిట్టమధ్యాహ్నము చిమ్మినచో తుంపర రేకును చేరకమునుపే ఆరి, ఇసుకవలె గరుకుగా పడును. మాఘ ఫాల్గుణములలో మంచు విడిచిన ప్రొద్దుట రెండుమూడు గంటలు అన్నిటికంటె మేలు. విత్తునకు అదనెంచిన మీకు ఇది చెప్పవలసినది కాదు.

ఇక ఊపిరి మాట. ముక్కునకు తువాలు కట్టినంతమాత్రమున ద్రావకపు ఆవిరి ఆగదు. బొగ్గుగుళికలు గల ముఖపుతొడుగు ఆవశ్యకము. రెండు మందులు కలిపి వాడు గట్టిరంగులలో ఐసోసయనేటు అను పదార్థముండును. దానిని పీల్చినవారికి ఉబ్బసము పట్టవచ్చును; ఒకసారి పట్టినచో మరల కొంచెము సోకినను చాలును, రొమ్ము పట్టివేయును. అట్టి రంగును ఇంటివద్ద వేయనీయకుడు. తక్కిన రంగులైనను గదిలో గాక బయట, పొయ్యికిని తులసికోటయందలి దీపమునకును దూరముగా చిమ్మవలెను. డబ్బాను ఎండలో విడువరాదు, ఖాళీయైనదియైనను నిప్పున వేయరాదు, ప్రేలును.

ట్యాంకు విషయమున ఒక్కమాట. సామాన్యపు డబ్బారంగు ఎంత నిగనిగలాడినను, పెట్రోలు పోయునపుడు మూతచుట్టు ఒలికిన చుక్క దానిని మెత్తబరచి లేపివేయును. ప్రక్కరేకులను ఇంట చేసికొని, ట్యాంకును మాత్రము తిరుపతిలోనో చిత్తూరులోనో కంప్రెసరుగల షెడ్డువారికి అప్పగించుట తెలివియైన పని. వారు ఆ గట్టిరంగునే వాడుదురు. ఆ షెడ్డులో పనిచేయు కుఱ్ఱవాని ముఖమున తొడుగున్నదో లేదో అదియు చూచి రండి.

రంగు మార్చినచో రవాణాశాఖ కార్యాలయమునకు తెలుపుట మరువరాదు. బండి రిజిస్ట్రేషను పత్రమున రంగు గూడ వ్రాయబడియుండును. పత్రమున నలుపనియు బండి ఎరుపుగాను ఉన్నచో, తనిఖీ చేయువారికి అది దొంగబండియేమో యను సందేహము కలుగుట సహజము. ఉన్న రంగునే మరల వేసికొనువారికి ఈ బెడద లేదు.