అమెరికా పాఠము, గోదావరి గట్టు

రామచంద్రపురము పిల్లవానికి బోస్టను రేవుతో ఏమి పని? ఉన్నత పాఠశాలలో అమెరికా చరిత్ర ఏల చదువవలెను? తల్లిదండ్రులు కొందరు ఈ మాట అడుగుచునే యుందురు. గత దశాబ్దమున మన రాష్ట్రపు తొమ్మిదవ తరగతి గ్రంథమున అమెరికా స్వాతంత్ర్య సమరమునకును, పదవ తరగతి గ్రంథమున అచ్చటి పౌరహక్కుల ఉద్యమమునకును చోటు కల్పించిరి. పేరులను, తేదీలను వల్లెవేయించి విడిచినచో అది నిజముగనే పరాయి పాఠము. అదే పాఠమును గోదావరి గట్టున నిలిచి చదివినచో ఎట్లుండునో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1773 డిసెంబరు 16వ తేది రాత్రి బోస్టను పౌరులు 342 పెట్టెల తేయాకును సముద్రము పాలు చేసిరి. ఆ సరకు ఎవరిది? ఈస్టిండియా కంపెనీది. అంతకు ఏడేండ్ల మునుపే, 1766 లో, నిజాముతో కుదిరిన సంధి వలన ఉత్తర సర్కారులు ఆ కంపెనీకే దక్కినవి. అనగా బోస్టనువారు తిరుగబడిన నాటికి మన సీమ రైతులు ఆ వర్తకులకే శిస్తు చెల్లించుచుండిరి.

1781 లో యార్కుటౌను వద్ద వాషింగ్టను సేనలకు లొంగిపోయిన కారన్‌వాలిసు ప్రభువుతో అమెరికా పాఠము దాదాపుగా ముగియును. మన పాఠము ఆయనతోనే మొదలగును! 1786 లో ఆయన గవర్నరు జనరలై వచ్చి, 1793 లో వంగదేశమున శాశ్వత శిస్తు పద్ధతిని నెలకొల్పెను. 1802 లో ఆ పద్ధతి మన సర్కారులకును ప్రాకినది. ఆనాటి జమీందారీల రద్దునకు శాసనము 1948 లో గాని రాలేదు. ఓడిన సేనాపతికి ఇంత పెద్ద బహుమానము దొరకుట విచిత్రమే.

ఆ 1793 లోనే అమెరికాలో విట్నీ అనునతడు పత్తి నుండి గింజలు వేరుచేయు యంత్రమును కనిపెట్టెను. పని తేలికైనచో బానిసల శ్రమ తగ్గవలసినది, జరిగినది వేరు. పత్తి చేలు విస్తరించినవి, వానితోపాటు బానిసత్వమును విస్తరించినది. 1860 నాటికి అచ్చటి బానిసలు సుమారు 40 లక్షలు. వారు ఏరిన పత్తి ఇంగ్లండులోని మిల్లులకు చేరి, అగ్గువ గుడ్డయై మన సంతలకు దిగినది. యానాము చెంతనున్న ఇంజరములో కంపెనీవారి వర్తకశాల యుండెడిది; పరిసర గ్రామముల సాలెలు నేసిన సన్నని బట్టకు సీమలో గిరాకి యుండెడిది. మిల్లు గుడ్డ ముందు ఆ మగ్గము నిలువలేదు. నిందింపవలసినది ఆ బానిసను కాదు. అతడును, మన సాలెయు ఒకే వ్యాపారపు చక్రము క్రింద నలిగిరి. ఈ సంగతిని తరగతిలో చెప్పినచో పిల్లలు మరువరని మా నమ్మకము.

దానిపై నందన సంవత్సరపు కరవు వచ్చినది. 1821 లో 7 లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 60 వేల ప్రాంతమునకు దిగజారినది. 1844 లో మాంట్‌గోమరీ దొర ఈ దుస్థితిని విచారించి నివేదిక సమర్పించెను. పిమ్మటనే 1847 లో ధవళేశ్వరము ఆనకట్ట పని ఆరంభమై 1852 లో ముగిసినది. కాటను అను పేరునకు వారి భాషలో పత్తి యను అర్థమే స్ఫురించును గాని ఆయన తెచ్చినది నీరు.

1861 లో అమెరికా అంతర్యుద్ధము రాగా లింకను దక్షిణపు రేవులను దిగ్బంధించెను. ఇంగ్లండు మిల్లులు మన పత్తికై చేతులు చాచినవి. గుంటూరు, కృష్ణా ప్రాంతపు పత్తి కాకినాడ రేవున ఓడలెక్కి, వర్తకులలో ఆ ఊరి పేరనే చెలామణి యైనది. 1865 లో యుద్ధము ముగిసెను, బానిసత్వము రద్దయ్యెను, ధరలు పడిపోయినవి. అచ్చట కోట్ల హృదయములు పొంగిన సంవత్సరమే ఇచ్చట పత్తి వర్తకునికి చెడ్డ సంవత్సరము.

1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు, భగత్‌సింగ్ థిండు వ్యాజ్యమున, భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పినది. ఆ ఏడాది అక్టోబరులోనే భీమవరమున పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టనులో దిగిరి. 1946 లో ఆ నిషేధము సడలి, ఏటా 100 మంది భారతీయులకు ప్రవేశము లభించినది. సుబ్బారావుగారు 1948 లో న్యూయార్కున కన్నుమూసిరి. వలస ద్వారములు విశాలముగ తెరచిన శాసనము 1965 లో వచ్చినది.